చివరి బెంచీ దాకా మాట: రాయచూరు బడుల్లో మైకు, ఇంటర్‌కమ్ వైరింగుపై ఒక సమీక్ష

పెద్ద బడిలో ఒక మాట అందరికీ ఒకేసారి చెప్పాలంటే ఏం చేయాలి? నోటీసు పుస్తకం ఒక పిల్లవాడి చేతికిచ్చి గదిగదికీ తిప్పడం పాత పద్ధతి. ఇరవై గదులున్న చోట ఆ పుస్తకం చివరి గదికి చేరేసరికి పీరియడు గడిచిపోతుంది. రేపటి సెలవు సంగతైతే ఆ ఆలస్యం వల్ల నష్టమేమీ లేదు. కానీ వంటగదిలో మంట లేచినప్పుడు, పిడుగులతో గాలివాన విరుచుకుపడినప్పుడు, కృష్ణలో వరద పెరిగి పిల్లల్ని తొందరగా ఇళ్లకు పంపాల్సి వచ్చినప్పుడు అంతసేపు ఆగడానికి వీలుండదు.

ఈ ప్రశ్నను రాయచూరు జిల్లాను ముందు పెట్టుకుని చూడటానికి కారణాలున్నాయి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం 19 లక్షల పైచిలుకు జనం, అక్షరాస్యత 59.56 శాతం. కన్నడంతోపాటు తెలుగు, ఉర్దూ ఇళ్లలో, బజారులో, బడి ఆవరణలో వినిపిస్తాయి. తుంగభద్ర ఎడమ కాలువ పారకంతో సింధనూరు, మాన్వి వైపు వెలసిన క్యాంపుల్లో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాలున్నాయి. తెలంగాణ, ఆంధ్ర సరిహద్దు ఊళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎల్‌కేజీ నుంచి పీయూసీ దాకా ఒకే ఆవరణలో నడిచే కర్ణాటక పబ్లిక్ స్కూళ్లు, మొరార్జీ దేశాయ్ వసతి పాఠశాలలు, ముద్గల్‌లోని నవోదయ విద్యాలయం లాంటి ఆవరణల్లో ఒక బ్లాకులో వేసిన కేక మరో బ్లాకుకు అందదు.

బడి మైకు అనగానే మాట సాధారణంగా ఆంప్లిఫయర్ ఎన్ని వాట్లది, ఏ కంపెనీది అన్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. అసలు విషయం మిగతా చోట్ల ఉంది: వైరులో, జాయింటులో, ఎర్తింగులో, స్పీకరు ఎటు తిరిగి ఉందన్న దానిలో, మైకు ముందు నిలబడి ఎవరు ఏం చెబుతారన్న దానిలో. చివరి బెంచీలో కూర్చున్న పిల్లకు చెప్పిన మాట చెప్పినట్టు అర్థమైందా లేదా అన్నదే కొలత కావాలి. ఈ సమీక్ష ఆ కొలతతోనే సాగుతుంది.

గంట, రేడియో, మైకు

రెండు మూడు తరాల పిల్లలు బడిగంట అంటే వేలాడదీసిన రైలు పట్టా ముక్కనే ఎరుగుదురు. బొంబాయి నుంచి వచ్చిన రైలు మార్గం, మద్రాసు నుంచి వచ్చిన మార్గం 1871లో కలుసుకున్నది రాయచూరులోనే. ఆ ఇనుప ముక్కకు కరెంటు అక్కర్లేదు, రిపేరు రాదు, దాని మోత ఊరి చివరి దాకా పోతుంది. కానీ అది చెప్పగలిగింది ఒక్కటే: వేళ అయింది. ఏ వేళ, ఎందుకు, ఎటు వెళ్లాలి అన్నది చెప్పలేదు.

మాటనే బడికి పంపాలన్న ఆలోచన మన వైపు కొత్తది కాదు. మద్రాసు కార్పొరేషన్ 1930 ఏప్రిల్ 1న సొంత రేడియో ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు, తన బడుల పిల్లల కోసం కథలు, సంగీత పాఠాలు కూడా వినిపించింది. తర్వాతి కాలంలో కర్ణాటక విద్యాశాఖ ఆకాశవాణితో కలిసి ‘కేళి కలి’ పేరుతో రేడియో పాఠాలు నడిపింది. ఆంధ్రప్రదేశ్‌లో ‘విందాం నేర్చుకుందాం’ అదే దారిలో వచ్చింది. ఆ పాఠాలకు ప్రతి గదిలో ఒక రేడియో పెట్టాలి, లేదా ఒక్క రేడియోను ఆంప్లిఫయరుకు కలిపి అన్ని గదులకూ వినిపించాలి. రెండో దారి పట్టిన బడికి గదిగదికీ వైరు లాగక తప్పదు.

ఊరంతటికీ ఒకే మైకు లైను వేయడంలో తెలుగు నేల మీద అందరికీ తెలిసిన ఉదాహరణ జమ్మికుంట. 2017 ఆగస్టులో ఆ పట్టణంలో పోలీసుల చొరవతో కూడళ్లలో స్పీకర్లు పెట్టి, రోజూ ఉదయం జాతీయగీతం వినిపించడం మొదలుపెట్టారు. వేర్వేరు కూడళ్లలోని జనం ఒకే క్షణంలో నిలబడటం చూసిన ఇతర ఊళ్లూ ఆ పద్ధతిని అందుకున్నాయి. ఉదయం ప్రార్థనలో రాష్ట్ర గీతమైన నాడగీతం, జాతీయగీతం పాడించే కర్ణాటక బడికి ఈ అవసరం ప్రతిరోజూ ఉంటుంది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం రాజ్యాంగ పీఠిక చదివించాలని నిర్ణయించాక ఆ అవసరం ఇంకొంత పెరిగింది.

రెండు పనులు, రెండు వైరింగులు

ఇంటర్‌కమ్, మైకు సిస్టమ్ ఒకటే అనుకుని కొనడం తరచు జరిగే పొరపాటు. మైకు సిస్టమ్‌లో ఒకరు మాట్లాడితే అందరూ వింటారు, జవాబు రాదు. ఇంటర్‌కమ్‌లో ఇద్దరు మాట్లాడుకుంటారు, మూడోవారికి వినపడదు. “ఆరో తరగతిలో ఒకమ్మాయికి ఒంట్లో బాగోలేదు, ఎవరినైనా పంపండి” అన్న మాట టీచరు నుంచి ఆఫీసుకు చేరాలి, బడి మొత్తానికి కాదు. “అందరూ మైదానంలోకి రండి” అన్నది ఆఫీసు నుంచి అందరికీ చేరాలి.

ఇంటర్‌కమ్‌కు ఇప్పటికీ నమ్మకమైన సాధనం లోపలి ఫోన్లను ఒకదానితో ఒకటి కలిపే ఇపిఏబిఎక్స్ పెట్టె, మామూలు టెలిఫోన్లు. ప్రతి ఫోనుకూ పెట్టె నుంచి విడిగా ఒక జత వైరు వెళ్తుంది. 0.5 మిల్లీమీటర్ల రాగి తీగ జతకు నిరోధం రానూపోనూ కిలోమీటరుకు 175 ఓములు. బడి దూరాలకు ఇది లెక్కలోకి రాదు. అందుకే రెండు వందల మీటర్ల అవతలి హాస్టలు గదికి కూడా సన్నని జతతో పని జరిగిపోతుంది. భూమిలో వేసేటప్పుడు మాత్రం జెల్లీ నింపిన కేబులు వాడాలి. మామూలు కేబులులో ఒక్క వానాకాలం తడి దిగిందంటే బరబర శబ్దం మొదలై మాట తెగిపోతుంది.

టాక్‌బ్యాక్ అనే మూడో రకం కూడా ఉంది. గదిలోని స్పీకరే మైకుగా కూడా పనిచేస్తుంది. ఆఫీసులో మీట నొక్కితే గదిలోని మాట వినపడుతుంది. టీచరు పాఠం ఆపి ఫోను ఎత్తనక్కర్లేదు. దీని వెనుక ఒక చిక్కు ఉంది. గదిలోవాళ్లకు తెలియకుండా వినే వీలు దానితోపాటే వస్తుంది. అలాంటి సిస్టమ్ పెట్టేవాళ్లు లైను తెరుచుకోగానే గదిలో ఒక బీప్ శబ్దం వచ్చే ఏర్పాటు ఉన్నదే ఎంచుకోవాలి. టీచర్లకూ పిల్లలకూ ఆ గౌరవం దక్కాలి.

నెట్‌వర్కు కేబులు మీద నడిచే ఐపీ స్పీకర్లు కొత్త దారి. ఒకే కేబులులో కరెంటూ మాటా వెళ్తాయి. ఏ గదికి ఏ గంట, ఏ ప్రకటన అన్నది కంప్యూటరులో అమర్చుకోవచ్చు. ఒక్కో కేబులు 100 మీటర్లు దాటకూడదన్నది దీని హద్దు. మధ్యలోని స్విచ్ ఆగితే ఆ బ్లాకు మొత్తం మూగబోతుంది. చెడిపోతే బాగు చేసేవాడు దేవదుర్గలోనో మస్కిలోనో దొరుకుతాడా అన్నది కొనకముందే ఆలోచించాలి.

ఇక రెండు మూడు గదుల ప్రాథమిక పాఠశాలకు ఇవేవీ అక్కర్లేదు. అక్కడ చేతి గంట, బ్యాటరీతో నడిచే చిన్న మైకు పెట్టె సరిపోతాయి. ఆ డబ్బుతో ఫ్యాన్లు, మంచినీళ్లు బాగుపడితే ఎక్కువ మేలు.

100 వోల్టుల లైను, రాయచూరుకు తెలిసిన సూత్రం

శక్తినగర్‌లోని రాయచూరు థర్మల్ విద్యుత్ కేంద్రం 1985 నుంచి కరెంటు పుట్టిస్తోంది. దాని సామర్థ్యం 1,720 మెగావాట్లు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ మధ్య 765 కిలోవోల్టుల లైనుతోనే దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశపు గ్రిడ్డుతో కలిసింది. అంత వోల్టేజీ ఎందుకంటే, అదే శక్తిని ఎక్కువ వోల్టేజీ మీద పంపితే కరెంటు తగ్గుతుంది, కరెంటు తగ్గితే తీగలో వేడిగా పోయే నష్టం బాగా తగ్గుతుంది. బడి మైకు లైనుకూ సూత్రం ఇదే. ఆంప్లిఫయర్ దగ్గర మాటను 100 వోల్టుల స్థాయికి పెంచి పంపుతారు. ప్రతి స్పీకరు వెనుక ఉన్న చిన్న ట్రాన్స్‌ఫార్మరు దాన్ని మళ్లీ దించుకుంటుంది.

లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరును 150 మీటర్లు లాగితే, రానూపోనూ 300 మీటర్లు, నిరోధం 5 ఓముల పైన ఉంటుంది. చివర 8 ఓముల స్పీకరును నేరుగా తగిలిస్తే, ఆంప్లిఫయర్ ఇచ్చే శక్తిలో దాదాపు 40 శాతం వైరును వేడి చేయడానికే పోతుంది. అదే వైరు మీద 100 వోల్టుల పద్ధతిలో 140 వాట్ల లోడు నడిపితే నష్టం 7 శాతం లోపే ఉంటుంది.

పెళ్లిళ్లకు, జాతరలకు మైక్ సెట్టు కట్టే కుర్రాళ్లు రాత్రికి రాత్రి స్తంభాలెక్కి పని పూర్తి చేయగల నేర్పరులు. అయితే అక్కడి పని రెండు మూడు పెద్ద స్పీకర్లది, దూరం తక్కువ, 8 ఓముల లెక్క సరిపోతుంది. ఆ అలవాటుతోనే బడిలో ఇరవై స్పీకర్లు కలిపితే అసలు సమస్య మొదలవుతుంది. 100 వోల్టుల లైనులో ట్రాన్స్‌ఫార్మరు లేని ఒక్క 8 ఓముల స్పీకరు కలిసిందంటే, అది ఒక్కటే 1,250 వాట్లు లాగాలని చూస్తుంది. అంత ఇవ్వలేక ఆంప్లిఫయర్ రక్షణలోకి వెళ్లి ఆగిపోతుంది, రక్షణ లేనిదైతే దాని అవుట్‌పుట్ కాలిపోతుంది.

లోడు లెక్క వేయడం కష్టమేమీ కాదు. గదికి 5 వాట్ల చొప్పున 20 గదులకు 100 వాట్లు. వరండాల్లో 10 వాట్లవి నాలుగు పెడితే 40. మొత్తం 140. దానికి పావు వంతు మిగులు కలిపితే 175. ఇక్కడ 160 వాట్ల ఆంప్లిఫయర్ చాలదు, దాని పై సైజు తీసుకోవాలి. మన బడుల్లో ఎక్కువగా కనిపించే అహుజా ఆంప్లిఫయర్ల వెనుక పలకపై 100 వోల్టులు, 70 వోల్టులు, 4, 8, 16 ఓములు అని విడివిడిగా మరలు ఉంటాయి. అన్ని స్పీకర్లూ 100 వోల్టుల మర మీదే ఉండాలి. అదే ఆంప్లిఫయర్లో 8 ఓముల మర మీద ఇంకో స్పీకరును కూడా కలపడం తప్పు.

ఒక చిన్న పరీక్ష ఎలక్ట్రీషియన్లను కూడా తికమక పెడుతుంది. లైను రెండు కొసల మధ్య మల్టీమీటరు పెడితే చాలా తక్కువ ఓములు చూపిస్తుంది, షార్టేమో అనిపిస్తుంది. మీటరు చూపించేది ట్రాన్స్‌ఫార్మరు చుట్ట తాలూకు డీసీ నిరోధం మాత్రమే. మాట వెళ్లేటప్పుడు ఎదురయ్యే ఇంపీడెన్సు వేరు. 5 వాట్ల స్పీకరు 100 వోల్టుల లైనుకు 2,000 ఓములుగా కనిపిస్తుంది, అలాంటివి ఇరవై కలిస్తే 100 ఓములు. దాన్ని చూడాలంటే ఇంపీడెన్సు మీటరు కావాలి. ఒక్కో బ్లాకు లైనునూ ఆంప్లిఫయరుకు కలపకముందే ఆ మీటరుతో చూసి, అంకెను గోడ మీదో రిజిస్టరులోనో రాసి పెడితే, మరుసటి ఏడాది ఎక్కడ తేడా వచ్చిందో అరగంటలో పట్టుకోవచ్చు.

గోడ వెంట, పైపు లోపల

గదుల్ని ఒకదాని తర్వాత ఒకటిగా కలుపుకుంటూ పోతే వైరు ఆదా అవుతుంది. మధ్యలో ఎలుక కొరికితే అక్కడి నుంచి చివరి దాకా అన్ని గదులూ మూగబోతాయి. ఆంప్లిఫయర్ పక్కన జోన్ సెలెక్టరు పెట్టి, ఒక్కో బ్లాకుకు లేదా అంతస్తుకు విడిగా లైను తీస్తే, చెడిన లైనును ఆపేసి మిగతావి నడుపుకోవచ్చు. పొడవాటి వరండాల్లో రెండు లైన్లు లాగి, స్పీకర్లను ఒకటి విడిచి ఒకటి చొప్పున వాటికి పంచడం మరింత మంచి పద్ధతి. ఒక లైను తెగినా ప్రతి రెండో స్పీకరు మోగుతూనే ఉంటుంది కాబట్టి ఆపదలో మాట పూర్తిగా ఆగదు.

ఎరుపు వైరు ఎరుపుకే, నలుపు నలుపుకే అన్న నియమం చాలామంది పట్టించుకోరు. ఒక హాల్లో పక్కపక్కనే ఉన్న రెండు స్పీకర్లలో ఒకటి తిరగేసి కలిస్తే, ఒకటి గాలిని ముందుకు నెట్టేటప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. రెంటి మధ్యన కూర్చున్నవాళ్లకు మాట పీలగా, డొల్లగా వినిపిస్తుంది. వాల్యూము పెంచినా బాగుపడదు.

మైకు వైరు సంగతి ఇంకా సున్నితం. మైకు నుంచి వచ్చే సంకేతం వోల్టులో వెయ్యో వంతు స్థాయిది. దాన్ని ఫ్యాన్ల వైరుతో ఒకే పైపులో వేస్తే 50 హెర్ట్జ్ గుయ్యిమనే రొద పాఠమంతా వెంటాడుతుంది. షీల్డు ఉన్న రెండు తీగల కేబులు వాడాలి, మెయిన్స్ వైరుకు కనీసం అడుగు దూరంలో నడపాలి, దాటక తప్పని చోట అడ్డంగా దాటించాలి. 100 వోల్టుల స్పీకరు లైనును కూడా మెయిన్స్ వైరుతో సమానంగానే చూడాలి. ముట్టుకుంటే షాకు కొడుతుంది. పిల్లల చేతికి అందే ఎత్తులో తెరిచిన జాయింటు ఉండకూడదు, ప్రతి జాయింటూ మూత ఉన్న జంక్షన్ బాక్సులోనే ఉండాలి. భారతీయ ప్రమాణాల సంస్థ భవనాల లోపలి మైకు ఏర్పాట్లకు ఐఎస్ 1881, ఆరుబయట వాటికి ఐఎస్ 1882 అనే నియమావళులు ఎప్పుడో ఇచ్చింది. టెండరు కాగితంలో ఆ రెండు అంకెలు రాస్తే కాంట్రాక్టరును నిలదీయడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

గదిలో వాల్యూము తగ్గించుకునే నాబ్ పెట్టడం టీచర్లకు సదుపాయమే. కానీ పరీక్ష రోజున పూర్తిగా తగ్గించి మరిచిపోతే ఆపద ప్రకటన ఆ గదికి చేరదు. ఆఫీసులో ఎమర్జెన్సీ మీట నొక్కగానే నాబును పక్కకు తప్పించి పూర్తి శబ్దం ఇచ్చే రిలే ఉన్నవి దొరుకుతాయి. దానికి ఒక తీగ అదనంగా లాగాలి. వైరింగు జరిగే రోజే ఆ తీగ పడాలి, తర్వాత గోడలు పగలగొట్టి వేయించేవాళ్లు అరుదు.

పిడుగు, నల్లరేగడి, కోత

వేసవి చివర్లో రాయచూరు మీద లేచే గాలివానలకు పిడుగులు తోడు. ఇక్కడి ఊళ్లలో బడి మిద్దె మీద ఇనుప గొట్టానికి కట్టిన హారన్ స్పీకరే చాలాసార్లు అన్నిటికన్నా ఎత్తయిన లోహం. దాని వైరు నేరుగా హెడ్మాస్టరు గదిలోని ఆంప్లిఫయరుకు దిగుతుంది. గొట్టానికి విడిగా ఎర్తింగు, లైను గదిలోకి దిగే చోట సర్జ్ అరెస్టరు లేకపోతే పిడుగు ఎక్కడో దూరంగా పడినా పెట్టె కాలిపోవచ్చు, మైకు పట్టుకున్న మనిషికీ ప్రమాదమే. ఉరుములు మొదలయ్యాక బయటి హారన్ల లైనును ప్లగ్గు లాగి విడదీయడం బడి సిబ్బంది అందరికీ నేర్పాల్సిన పని.

నల్లరేగడి నేల ఎండాకాలంలో ఎండి, కుంచించుకుని, నెర్రెలిస్తుంది. అప్పుడు ఎర్తు గొట్టానికీ మట్టికీ మధ్య పట్టు సడలి నిరోధం పెరుగుతుంది. ఎర్తింగుకు ఐఎస్ 3043 నియమావళి ఉంది. గుంటలో బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో నీళ్లు పోస్తూ ఉంటే పని నడుస్తుంది. బోరు దగ్గర కుండలు కడిగే నీళ్లు ఆ గుంటవైపు మళ్లించినా చాలు.

కరెంటు పోయినప్పుడే మాట అవసరం ఎక్కువ పడుతుంది. అందుకే 12 లేదా 24 వోల్టుల బ్యాటరీతోనూ నడిచే ఆంప్లిఫయర్ ఎంచుకోవాలి. 2009 అక్టోబరు తొలి రోజుల్లో వరదలు రాయచూరు జిల్లానూ, పక్కనే ఉన్న మంత్రాలయం, కర్నూలునూ ముంచెత్తాయి. అలాంటప్పుడు ఊళ్లో గట్టి కప్పున్న పెద్ద కట్టడం బడే కాబట్టి జనం అక్కడికే చేరతారు. భోజనం ఎక్కడ, మందులు ఎక్కడ, తప్పిపోయిన పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు అన్నది చెప్పడానికి బ్యాటరీ మీద మోగే మైకు ఆ రోజుల్లో ఊరికంతటికీ పనికొస్తుంది.

మోత ఎంత, మాట ఎంత

దూరం రెట్టింపు అయ్యేకొద్దీ శబ్దం 6 డెసిబెళ్లు తగ్గుతుంది. అందుకని ఒకే హారన్‌ను గట్టిగా మోగించి మైదానమంతా కప్పాలని చూస్తే దగ్గర నిలబడిన చిన్న తరగతుల చెవులు దెబ్బతింటాయి, దూరాన ఉన్నవాళ్లకు మాట అందదు. రెండు కొసల్లో రెండు హారన్లు పెడితే మరో సమస్య. మైదానం 60 మీటర్లుంటే దూరపు హారన్ మాట సెకనులో ఆరో వంతు ఆలస్యంగా వస్తుంది. అంత ఆలస్యమైతే చెవి రెంటినీ కలిపి వినలేదు, ప్రతి అక్షరం వెనుకా దాని నీడ వినపడుతుంది. ఒకే చోటి నుంచి రెండు దిక్కులకు తిప్పిన హారన్లు గాని, తక్కువ శబ్దంతో దగ్గర దగ్గరగా పెట్టిన చిన్న స్పీకర్లు గాని ఈ చిక్కును తప్పిస్తాయి.

గది లోపల శత్రువు ప్రతిధ్వని. రాతి గోడ, బండల నేల, కాంక్రీటు కప్పు శబ్దాన్ని మింగవు, తిరగ్గొడతాయి. అచ్చులు సాగి, వాటి కింద హల్లులు మునిగిపోతాయి. మాటకు అర్థమిచ్చేది ఎక్కువగా హల్లులే. తరగతి గది ప్రతిధ్వని 0.6 సెకన్లు మించకూడదని, ఖాళీ గదిలో రొద 35 డెసిబెళ్లు దాటకూడదని 2002లో వచ్చిన అమెరికా ప్రమాణం చెబుతుంది. తిరుగుతున్న ఫ్యాన్ల కింద, తెరిచిన కిటికీల పక్కన మన గదులు ఆ అంకెలకు చేరడం కష్టం. అయినా వెనుక గోడకు గుడ్డ చార్టులు, దళసరి నోటీసు బోర్డులు కట్టినా, స్పీకరును కప్పు మూలలో కాకుండా పిల్లలవైపు కొంచెం వంచి బిగించినా తేడా వినిపిస్తుంది.

పని ముగిశాక కాంట్రాక్టరు మైకులో “హలో, వన్, టూ, త్రీ” అంటాడు, అందరూ తలూపుతారు, బిల్లు పాసవుతుంది. ఆ పరీక్ష చాలదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని పది మాటలు, పిల్లలు ముందుగా ఊహించలేనివి, మైకులో మామూలుగా చదవాలి. ప్రతి గదిలో చివరి బెంచీ పిల్లలు వాటిని పలకల మీద రాయాలి. ఫ్యాన్లు తిరుగుతుండగా, కిటికీలు తెరిచి ఉండగా చేయాలి. ఏ గదిలో ఎన్ని తప్పులొచ్చాయో ఆ కాగితమే చెబుతుంది. మాట స్పష్టతను సున్నా నుంచి ఒకటి దాకా కొలిచే శాస్త్రీయ సూచిక ఒకటుంది, ఆపద ప్రకటనలకు 0.5 దాటాలని సాధారణంగా కోరతారు. పరికరం లేని బడికి పలక, బలపమే ఆ సూచిక.

మంట నేర్పిన పాఠం, చట్టం గీసిన గీత

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి వంటపాకలో పుట్టిన నిప్పు పైకప్పుకు పాకి 94 మంది పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. ఆ ఘటన వెంట నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో, భద్రమైన బడిలో చదువుకోవడం పిల్లల హక్కులో భాగమని చెప్పి, అగ్నిమాపక సాధనాలు, సిబ్బందికి శిక్షణ తప్పనిసరి చేసింది. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ బడుల భద్రతకు మార్గదర్శకాలు ఇచ్చింది. మధ్యాహ్న భోజన పథకం ‘అక్షర దాసోహ’ 2002లో కర్ణాటకలో మొదట అడుగుపెట్టింది రాయచూరుతో సహా ఈశాన్య జిల్లాల్లోనే. అంటే ఇక్కడి బడి ఆవరణలో గ్యాసు పొయ్యి, వేడి నూనె రోజువారీ విషయం. అందుకే వంటగదిలో ఒక ఇంటర్‌కమ్ ఫోను ఉండటం ఆఫీసులో ఉన్నంత ముఖ్యం.

చెవులు వినపడని పిల్లల కోసం ప్రకటనతోపాటు వెలిగి ఆరే దీపం కూడా ఉండాలి. ఇలాంటి పిల్లలకూ సమాన అవకాశం కోరే వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. మైకు ఒక్కటే పెట్టి భద్రత పూర్తయిందనుకుంటే, ఆ పిల్లలే వెనుక మిగిలిపోతారు.

మోతకు హద్దులున్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెళ్లు హద్దు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు నిషేధం ఉంది, ఆపద వేళకు మినహాయింపు ఉంది. ఊళ్లోవాళ్ల మైకు పరీక్షలప్పుడు పిల్లల్ని బాధ పెడుతుందని ఫిర్యాదు చేసే బడి, తన హారన్లను కూడా ఊరివైపు కాక లోపలికి తిప్పి పెట్టుకోవాలి.

ఎవరి గొంతు, ఏ భాష

జపాన్ బడుల్లో ప్రసార గది విద్యార్థుల సంఘం చేతిలో ఉంటుంది. మధ్యాహ్న భోజన వేళ పిల్లలే పాటలు, కబుర్లు వినిపిస్తారు. భూకంప హెచ్చరికలు 2007 నుంచి ప్రజలందరికీ అందుతున్న ఆ దేశంలో, అదే స్పీకరు ఆపద వేళ బల్లల కింద దూరమని చెబుతుంది. రోజూ వినే గొంతు కాబట్టి అప్పుడు కంగారు తగ్గుతుంది. మన దగ్గర మైకు తాళం వేసిన బీరువాలో ఉండి, ఆగస్టు 15న, జనవరి 26న బయటికి వస్తుంది. వాడని వస్తువు చెడిపోయిందన్న సంగతి కూడా ఆ రోజే తెలుస్తుంది.

వాడకం ఎక్కువైనా ఇబ్బందే. ప్రతి చిన్న విషయానికీ అన్ని గదుల్లో గొంతు మోగితే పాఠం తెగుతుంది. మొదటి పీరియడుకు ముందు ఒకసారి, చివరి గంటకు ముందు ఒకసారి, మధ్యలో ఆపద ఉంటేనే అన్న నియమం మంచిది. టీచరు ఒక్కరితో పనుంటే ఇంటర్‌కమ్ ఉండనే ఉంది. 2019లో కేరళలో మొదలై కర్ణాటకకూ తెలుగు రాష్ట్రాలకూ పాకిన ‘వాటర్ బెల్’, అంటే పిల్లలు నీళ్లు తాగడానికి మోగించే గంట, ఎండలు మండే రాయచూరుకు అన్నిటికన్నా పనికొచ్చే వాడకం.

భాష విషయం సరిహద్దు జిల్లాలో పక్కన పెట్టదగ్గది కాదు. బడి భాష కన్నడం, ప్రకటన కన్నడంలోనే మొదలవ్వాలి. కానీ క్యాంపు నుంచి వచ్చిన ఒకటో తరగతి పిల్లకు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవాడికి ఆపదలో చప్పున అర్థమయ్యేది అమ్మ మాటే. “బయటికి రండి, మైదానంలోకి పోండి, పరిగెత్తకండి” అన్న మూడు ముక్కలు కన్నడం, తెలుగు, ఉర్దూలలో నెమ్మదైన గొంతుతో ముందే రికార్డు చేసి ఒక మీటకు కలిపి పెట్టడం కష్టమైన పని కాదు. పిల్లలతోనే చెప్పిస్తే ఇంకా బాగుంటుంది.

ఎవరి ఖాతాలో

విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలులో గదులు, మరుగుదొడ్లు, మంచినీళ్లు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ ఉన్నాయి. ఇంటర్‌కమ్, మైకు లేవు. 2019లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ‘నాడు–నేడు’లో ఫ్యాన్లు, లైట్లు, ఫర్నిచరు, ఇంగ్లిషు ల్యాబులు ప్రధాన అంశాలుగా ఉండేవి. 2022 నాటి తెలంగాణ ‘మన ఊరు – మన బడి’లో డిజిటల్ తరగతుల దాకా 12 అంశాలుండేవి. ఈ జాబితాల్లో వేటిలోనూ గదిగదికీ చేరే మాట విడి అంశంగా కనిపించదు. దాంతో మైకు దాతల ఇష్టం మీద వస్తుంది. దాత పెట్టె కొనిస్తారు, పెట్టె మీద పేరు రాయిస్తారు. పైపులకు, ఎర్తింగుకు, ఏటా చేయించాల్సిన తనిఖీకి డబ్బెవరిదన్నది తేలదు.

కల్యాణ కర్ణాటక ప్రాంత అభివృద్ధి మండలి నిధులతో, రాష్ట్ర పథకాలతో రాయచూరు జిల్లాలో కొత్త తరగతి గదులు లేస్తూనే ఉన్నాయి. స్లాబు పోసే రోజున కరెంటు పైపు పక్కన ఇంకో ఖాళీ పైపు, గదికో జంక్షన్ బాక్సు వేయించడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. తర్వాత అదే పనికి గోడలు తొలవాలి, రంగు మళ్లీ వేయాలి. గదుల అంచనా తయారు చేసే ఇంజనీరు ఆ ఒక్క వరుస చేర్చితే, ఆంప్లిఫయర్ ఎప్పుడొచ్చినా దారి సిద్ధంగా ఉంటుంది. బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ (ఎస్‌డీఎంసీ) తన రిజిస్టరులో మూడు విషయాలు ఏడాదికోసారి రాసుకోవాలి: ప్రతి లైను ఇంపీడెన్సు, ఎర్తింగు కొలత, పది మాటల పరీక్షలో గదివారీ తప్పులు. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో ఒక పూట కేటాయిస్తే ఈ మూడూ అయిపోతాయి. దగ్గరలోని ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివే కుర్రాళ్లకు కొలతలు తీసే పని అప్పగిస్తే, వాళ్లకు 100 వోల్టుల లైను చేతికి అలవాటవుతుంది, తాలూకాకు ఆ పని తెలిసిన మనుషులు తయారవుతారు.